బండ మీది దొరకు ఏడు సలాములు

ఎవరికైనా దండం పెట్టే ముందు మీరు ఆ మనిషి మొహం ఒకసారి చూస్తారు కదా? నేను చూడలేదు. ఆ ఒక్క పొరపాటుకు నా కథ ఇరవయ్యో ఏటనే అడవిలో ముగిసిపోవలసింది. ముగియలేదు కాబట్టి ఇప్పుడు తీరిగ్గా కూర్చుని నన్ను నేనే తిట్టుకుంటున్నాను. మధ్యలో నవ్వు వస్తే నవ్వండి. "మరీ అంత తెలివితక్కువవాడివా" అని మాత్రం అడగకండి. అంతకంటే ఎక్కువే.

అవి నిజాం సర్కారు రోజులు. మా ఊరు అచ్చంపేటకు దగ్గర. మా ఇంటి నిండా గొడ్లూ గొర్లూ ఉండేవి గానీ చదువు ఎవరికీ లేదు. నేనొక్కణ్ణే ఉర్దూ బడికి పోయి నాలుగు ముక్కలు నేర్చుకుని వచ్చాను. చదవకముందు కాకరకాయ అన్నవాడు చదివాక కీకరకాయ అన్నాడంటారు. నేను ఇంకో మెట్టు ఎక్కి, అన్నం ముందు కూర్చుని "అవ్వా, జర కాకరకాయ ఇనాయత్ చెయ్యి" అనేవాణ్ణి, అంటే దయచెయ్యమని. అవ్వ నాకు జవాబు చెప్పకుండా మా బాపు వైపు తిరిగి, "పోరనికి గాలి సోకినట్టున్నది, తాయెత్తు కట్టియ్యరాదు" అనేది.

చదువుతో పాటు నేను సంపాదించుకొచ్చిన ఆస్తులు రెండు. ఒకటి ఎవరో తొడిగి విడిచిన నల్ల షేర్వాణీ. రెండోది ఎర్ర రూమీ టోపీ. టోపీ కొత్తదే గానీ చవక రకం. ఎంత చవకదో తర్వాత చెబుతాను, ఎందుకంటే ఈ కథలో సగం పాపం దానిదే.

ఇక అసలు సంగతికి వస్తే, మా ఇంట్లో చంద్రి అని ఒక బర్రె ఉండేది. నొసట తెల్లచుక్క, తిన్నగా నడవని బుద్ధి. అవ్వకు నోట్లో ఒక్క పన్ను లేదు. చంద్రి పాలు, చంద్రి పెరుగు, ఇవే ఆమెకు తిండి. అట్లాంటి చంద్రి ఎండాకాలం పచ్చిగడ్డి ఎక్కడా దొరక్క, కంచె దూకి, మా ఊరి దొర భార్య ముచ్చటపడి పెంచుకున్న గులాబీ చెట్లను ముళ్ళతో సహా నమిలేసింది. దొర ఉండే గడీలోని మనుషులు దాన్ని తోలుకుపోయి బందెలదొడ్డిలో కట్టేశారు. వచ్చే అంగడి నాడు హర్రాజు పాడతారనీ, దొర నోటి నుంచి మాట వస్తే తప్ప విడిచేది లేదనీ కబురు పెట్టారు. దొర చూస్తే ఊళ్ళో లేడు. దొరసానిని వెంటపెట్టుకుని నల్లమల గుట్టల మీద డేరాలు వేయించుకుని శికారుకు కూర్చున్నాడు.

అవ్వ ఆ రోజు నుంచి ముద్ద ముట్టలేదు. వేరే ఇంటి పాలు తెస్తే మొహం తిప్పుకుంది. ఖాళీ కొట్టంలో చంద్రి గుంజ పక్కనే కూర్చునేది. ఆమెను అట్లా చూస్తే నాకు ఏడుపు వచ్చేది. నేను పోయి దొరతో మాట్లాడతానని లేచాను.

"దొరతోని మాట్లాడేటోడు మన ఇంట్ల పుట్టలేదు బిడ్డా," అన్నాడు బాపు. "మనం ఇనేటోళ్ళమే."

"అడగంది అమ్మయినా పెట్టదు బాపూ."

"వాడు అమ్మ గాదురా. దొర."

అయినా అవ్వ మొహం చూసి చివరికి ఒప్పుకున్నాడు. ఒప్పుకుని రాత్రి దాకా నాకు దొరల ముందు మెలగవలసిన తీరు నూరిపోశాడు. చెప్పులు దూరంగా విడవాలి. తల ఎత్తి దొర మొహం చూడకూడదు. తన కాలి బొటనవేలు తానే చూసుకుంటూ మాట్లాడాలి. మాట అయిపోయాక వెన్ను చూపించకుండా, వంగినవాడు వంగినట్టే వెనక్కి వెనక్కి అడుగులు వేసుకుంటూ రావాలి. నేను ఇంట్లోనే గడప నుంచి పొయ్యి దాకా వెనక్కి నడిచి అభ్యాసం చేశాను. ఒకసారి కుడితి కుండలో కూర్చున్నాను కూడా. తక్కినవన్నీ బాగానే వచ్చాయి.

తెల్లవారగానే గొంగడిలో సజ్జరొట్టెలు, నెయ్యి ముంత, షేర్వాణీ, టోపీ మూటకట్టి, చంటిబిడ్డను వేసుకున్నట్టు వీపుకు వేసుకున్నాను. మూట మీద ఒక గంప, గంపలో దొరకు నజరానాగా మా కోడిపుంజు. నేను గుట్ట ఎక్కుతున్నంత సేపూ ఆ పుంజు నా చెవి పక్కనే కూసింది. దారిలో ఎదురుపడ్డవాళ్ళు నాకంటే దానినే ఎక్కువ మర్యాదగా పలకరించారు.

సగం గుట్ట ఎక్కేసరికి ఆకాశం నల్లబడింది. ముందు గాలిదుమారం వచ్చింది, దాని వెనక వడగండ్ల వాన. ఒక్కో రాయి ఉసిరికాయంత ఉంది. బండ సందులో దూరి, మూట విప్పి గొంగడి పుంజు మీద కప్పి, నా తల కాపాడుకోవడానికి రూమీ టోపీ పెట్టుకున్నాను. పుంజు నజరానా కదా, అది తడవకూడదు. నేను తడిసినా దొర ఏమనుకోడు. వెదురు పొదలు నేలకు వంగి లేస్తున్నాయి. పెద్ద పెద్ద కొమ్మలు విరిగి లోయలోకి పోతున్నాయి. నేను మాత్రం కళ్ళు మూసుకుని "హుజూర్, గరీబ్ పర్వర్" అని నా అర్జీ వల్లె వేసుకున్నాను.

ఎట్లా వచ్చిన వాన అట్లాగే పోయింది. బయటికి వచ్చి చూస్తే గుట్టలన్నీ కడిగి ఆరబెట్టిన ఇత్తడి బిందెల్లాగున్నాయి. లోయల నుంచి తెల్లగా పొగ లేస్తోంది. దూరంగా మా ఊరి చెరువు చిన్న అద్దం ముక్కలాగా మెరిసింది. అంత అందం నేను ముందెప్పుడూ చూడలేదు. దొర దగ్గరికి పోయే వేళ దగ్గరపడిందని షేర్వాణీ తొడుక్కున్నాను. అద్దం లేదు. ఉంటే టోపీ రంగంతా కారి నా నొసలు, చెంపలు, గడ్డం ఎర్రగా అయ్యాయని తెలిసేది. ఆ అవతారంతో పై గుట్టకు బయలుదేరాను.

కొంత దూరం పోయాక గంటల చప్పుడు వినిపించింది. ఎండాకాలం మేతకు అడవికి తోలుకొచ్చిన ఆవులమంద. మంద పక్కన చేతికర్ర పట్టుకుని ఒక ముసలాయన. పేరు బక్కయ్య అని తర్వాత తెలిసింది. నన్ను చూడగానే ఆయన కర్ర కింద పడింది. రెండు చేతులూ జోడించాడు. షేర్వాణీ మహిమ అనుకుని నేను గొంతు సవరించుకున్నాను.

"దొర ఈ దిక్కే ఉన్నడా?" అని అడిగాను.

ముసలాయన తన ఆవుల వైపు చూశాడు. నా దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. "మెల్లగ అను. ఉన్నడు."

దొర ఊసెత్తితే గొంతు తగ్గించడం మా ఊళ్ళోనూ ఉన్నదే.

"కోపం మీద ఉన్నడా?"

"మొన్న మా పెయ్యను తీస్కపోయిండు. కడుపు నిండింది. ఇప్పుడు జర నిమ్మళంగనే ఉన్నడు."

"అడిగి తీస్కపోయిండా?"

ఆయన నన్ను వింతగా చూశాడు. "దొర అడుగుతడా?"

నిజమే. అడిగి తీసుకున్న దొరను నేనూ ఎక్కడా చూడలేదు. పాఠకులారా, మీరిప్పుడు నవ్వుతున్నారని నాకు తెలుసు. కానీ ఆ కాలంలో మా ఊళ్ళో నిలబడి ఈ మాటలు వినండి. అందులో మా దొరకు నప్పని మాట ఒక్కటి చూపించండి.

దొరసాని కూడా వెంట ఉన్నదా అని అడిగాను. గులాబీల సంగతి నా గుండెలో గుచ్చుకుంటూనే ఉంది మరి.

"ఉన్నది. పిల్లలతోని అవుతలి లోయల ఉన్నది," అన్నాడు బక్కయ్య. "ఆమె దిక్కు మాత్రం పోకు అయ్యా. దొరన్న ఇడిసిపెడుతడు, ఆమె ఇడిసిపెట్టది."

నాలుగు గులాబీ చెట్లకు ఇంత పగనా అనుకుని నిట్టూర్చాను. ఇప్పుడు దొర ఎక్కడ దొరుకుతాడని అడిగితే ముసలాయన వేలు పైకి చూపించాడు. వాన వెలిశాక చెట్ల కింద నీళ్ళు కారుతుంటాయట, తడి అంటే దొరకు గిట్టదట, ఎండ పొడ కోసం పై బండ మీదికి వచ్చి పడుకుంటాడట. పెద్దవాళ్ళ సుఖాలు పెద్దవాళ్ళవి అనుకున్నాను.

"ఉట్టి చేతులతోనే పోతవా?" అన్నాడు ఆయన.

నేను గర్వంగా గంప మూత తీసి పుంజును చూపించాను. ఆయన పుంజును చూశాడు, నన్ను చూశాడు. ఆ చూపులో జాలి ఉంది గానీ అది ఎవరి మీదో తెలియలేదు. "ఇది ఆయనకు పంటి కిందికి రాదు," అన్నాడు. ఆ సంగతి నాకూ తెలుసనీ, ఏదో గరీబు మర్యాద అనీ చెప్పాను. ఆయన ముందు ఎట్లా మెలగాలో కూడా అడిగి తెలుసుకున్నాను, ముందు జాగ్రత్తకు.

"ఉరకద్దు. వీపు చూపియ్యద్దు. మెల్లగ ఎనుకకు ఎనుకకు రావాలె."

అచ్చం మా బాపు మాట. దొరల పద్ధతి అడవిలోనైనా ఊళ్ళోనైనా ఒకటే అని నాకు ధైర్యం వచ్చింది. నేను కదలబోతే బక్కయ్య నా కాళ్ళ మీద నీళ్ళు పోసి మొక్కాడు. ఎర్ర మొహంతో, ఒట్టి చేతులతో అక్కడికి పోతున్నవాడికి ఒంటి మీదికి ఏ దేవుడో వచ్చి ఉండాలని ఆయన అనుకున్నాడట. నేను మాత్రం ఇన్నాళ్ళకు నా చదువుకు తగిన గౌరవం దొరికిందనుకున్నాను.

పై బండ కనిపించింది. దాని మీద ఎండలో పసుపుపచ్చగా ఏదో మెరిసింది. దొర పట్టు శాలువా! చటుక్కున తల దించేశాను. అక్కడి నుంచి నేను చూసినదంతా నా రెండు బొటనవేళ్ళే. చెప్పులు విడిచాను. గంప, నెయ్యి ముంత ముందు పెట్టాను. నేలకు వంగి ఏడు సలాములు చేశాను.

"హుజూర్, గరీబ్ పర్వర్," అని మొదలుపెట్టాను.

బండ మీద నుంచి "ఊఁ" అని ఒక మూలుగు వచ్చింది. మా దొరకు మాటలు తక్కువ, మూలుగులు ఎక్కువ. విన్నాడు, ఇంకేం కావాలి? ఏదో కంపు కూడా వచ్చింది. శికారు కుక్కలు తడిసి ఉంటాయనుకున్నాను. ఉర్దూలో అనుకున్నదంతా ఉర్దూలో చెప్పి, అది అయిపోయాక తెలుగులోకి దిగాను. మా చంద్రి ఎంత మంచి బర్రెనో వర్ణించాను. ఒళ్ళంతా కండ పట్టి ఎట్లా నిగనిగలాడుతుందో చెప్పాను. పరుగెత్తడం చేతకాదనీ, ఎవరు దగ్గరికి పోయినా పొడవదనీ, ఉత్త సాధు జంతువనీ చెప్పాను. నేను ఒక్కో మాట చెబుతుంటే పైన మూలుగు పెరుగుతోంది. దొర మనసు కరుగుతోందని నాకు హుషారు వచ్చింది.

"దాన్ని తమరే దయచూడాలె హుజూర్. మా అవ్వ అన్నం ముడుతలేదు."

అప్పుడు బండ అంచు మీద నుంచి ఏదో జారి నా చూపు కిందికి వచ్చింది. పసుపుపచ్చని తాడు, నల్ల పట్టీలు. శాలువా అంచు కుచ్చు అనుకున్నాను. కుచ్చు దానంతటదే లేచింది. బండను ఒకసారి ఫట్టుమని కొట్టింది. మళ్ళీ లేచింది.

దొరకు తోక ఎక్కడిది?

తల ఎత్తాను. పెద్దపులి. ముందుకాళ్ళు చాపుకుని, మూతి వాటి మీద పెట్టుకుని, నన్నే చూస్తోంది. ఆ క్షణం నాకు భయం కూడా వేయలేదు. భయం వేయాలంటే మనసు పనిచేయాలి కదా. ఒంట్లో ఉన్నదంతా ఆగిపోయింది. నా నోరు మాత్రం ఆగలేదు. అది నా అనుమతి లేకుండానే "హుజూర్, హుజూర్" అంటూనే ఉంది.

తర్వాత తెలిసింది. మంద కాసేవాళ్ళు పులి పేరు ఎత్తరు. పేరు తీస్తే పిలిచినట్టేనని నమ్మకం. రాత్రిపూట పామును పురుగు అన్నట్టే అక్కడ దాన్ని దొర అంటారు. ఎందుకంటే ఏటా చెప్పకుండా వచ్చి ఒక దూడను తీసుకుపోయేది పులీ, దొరా ఇద్దరే.

నేను బతికింది బాపు నేర్పిన నడకతోనే. వంగినవాణ్ణి వంగినట్టే వెనక్కి అడుగు వేశాను. పులి లేచింది. నేను సలాం చేశాను. పులి ఒళ్ళు విరుచుకుని నోరు తెరిచి ఆవులించింది. నేను ఇంకో సలాం చేశాను. నా మొహం రంగు చూసి ఏమనుకుందో, నా ఉర్దూ విని ఏమనుకుందో, బండ అవతలి పక్కకు దూకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత కూడా నేను వెనక్కే నడిచాను. ఒక చెట్టుకు గుద్దుకుని దానికి కూడా సలాం చేసి, అప్పుడు తిరిగి పరుగెత్తాను.

పరుగెత్తిన దారి ఎటో నాకు తెలియదు. కొద్ది దూరంలో తెల్ల డేరాలు కనిపించాయి. మంచం మీద కూర్చుని కాళ్ళు పట్టించుకుంటున్న మా ఊరి దొర కనిపించాడు. చుట్టూ అడవి దారి తెలిసిన అక్కడి మనుషులు నలుగురైదుగురు. నా నోట్లో ఒక్క మాటే మిగిలింది.

"దొర! దొర వస్తుండు!"

ఎర్రగా కారుతున్న నా మొహం చూసి, ఆ మాట విని, అక్కడివాళ్ళంతా చెట్లెక్కేశారు. మా దొర ఒక్కడే కూర్చుని ఉన్నాడు. మీసం దువ్వుకున్నాడు.

"నేనీడ ఉన్న. ఇంకో దొర ఎవడురా?"

"ఆ దొర, దొరా," అన్నాడు ఒకతను కొమ్మ మీద నుంచి. "చారల దొర."

తుపాకీ డేరాలో ఉంది, దొరసానీ డేరాలోనే ఉంది. దొర చెట్టు మీద ఉన్నాడు. అంత శరీరంతో ఎట్లా ఎక్కాడో ఎవరూ చూడలేదు, నేను చూస్తూ ఉండి కూడా చూడలేదు. నాకు ఏ కొమ్మా మిగల్లేదు. దొర చెట్టు కిందనే నిలబడిపోయాను. చంద్రి గుంజ పక్కన కూర్చున్న అవ్వ గుర్తొచ్చింది. చచ్చేవాణ్ణి ఎట్లాగూ చస్తాను, అడిగి చద్దామనుకున్నాను. అలవాటుగా నా బొటనవేళ్ళ వైపు చూస్తూ చేతులు కట్టుకున్నాను.

"దొరా, బందెలదొడ్ల మా బర్రె..."

"బర్రె సంగతి తర్వాత. వచ్చిండా చూడు."

ఎదురుగా పొద కదిలింది. ఆకుల్లో చప్పుడయింది. దొర ఇంకో కొమ్మ పైకి జరిగాడు. "తోల్కపో," అన్నాడు. "నీ బర్రెను తోల్కపో. నువ్వు ఆ పొద దిక్కు పో, జర అడ్డం నిలబడు."

పొదలోంచి మా కోడిపుంజు బయటికి వచ్చింది. గంప తోసుకుని నన్ను వెతుక్కుంటూ వచ్చినట్టుంది. అందరూ చూస్తుండగా రెక్కలు దులుపుకుని గట్టిగా కూసింది.

ఎక్కడం ఒకటి, దిగడం ఒకటి. దొరను రుమాళ్ళు ముడివేసి దించవలసి వచ్చింది. ఎవరో నా మొహం మీద నీళ్ళు కొడితే రంగంతా పోయి, కింద ఒక్క గీత కూడా లేని చర్మం బయటపడింది. దొర నన్ను దగ్గరికి పిలిచి, బక్కయ్య లాగానే గొంతు తగ్గించాడు.

"చెట్టు సంగతి ఊర్లె తెల్వద్దు."

"బర్రె సంగతి, దొరా?"

"తోల్కపో అన్న గద."

నా వెంట తన మనిషినొకణ్ణి పంపాడు. అంగడి రోజు రాకముందే చంద్రి మా కొట్టానికి వచ్చింది. అవ్వ దాని మెడ పట్టుకుని చాలాసేపు వదలలేదు. తర్వాత ఆ పాలతోనే ఇంత అన్నం కలుపుకుని తిన్నది. తింటూ, ఇంతకూ ఇడిపించింది ఏ దొర అని అడిగింది. నేను జరిగిందంతా ఆమెకు ఒక్కదానికే చెప్పాను. మాట ఇచ్చింది ఊరికి చెప్పనని గానీ అవ్వకు చెప్పనని కాదు కదా.

అవ్వ విని నవ్వలేదు.

"పెద్ద దొరనే మంచోడు బిడ్డా," అన్నది. "నీ అర్జీ అంత ఇన్నడు. నజరానా గూడ ముట్టలేదు."

ఆనాటి నుంచి బతికినన్నాళ్ళూ వెన్న కాచిన ప్రతిసారీ మొదటి చుక్క గుట్టల దిక్కు చల్లేది. గడీ దిక్కు ఎన్నడూ చల్లలేదు.

ఇప్పుడు సర్కారూ పోయింది, గడీలూ కూలిపోయాయి. నేను మాట నిలుపుకోవలసిన దొరా లేడు కాబట్టి మీకు చెప్పేశాను. ఆ రోజు పెట్టుకున్న ఒట్టు మాత్రం అట్లాగే ఉంది. ఆ రూమీ టోపీ సాక్షిగా, చంద్రి తిన్న గులాబీల సాక్షిగా, కుడితి కుండ సాక్షిగా చెబుతున్నాను: ఈ జన్మలో ఎవరికి దండం పెట్టవలసి వచ్చినా, ముందు తల ఎత్తి, తోక ఉందో లేదో చూసుకునే పెడతాను. తోక లేదంటే ఇంకో రెండడుగులు వెనక్కి జరిగి పెడతాను.